టీకా మీద అనుమానం ఫోన్‌లో ఎట్లా పెరుగుతుంది?

2024 మే నెలలో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక వార్త రోజుల తరబడి తిరిగింది. కోవిషీల్డ్ టీకాకు మూలమైన ఆస్ట్రాజెనెకా కంపెనీ, తమ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చని బ్రిటన్ కోర్టుకు ఇచ్చిన పత్రంలో ఒప్పుకుందని దాని సారాంశం. టీకా వేసుకుని మూడేళ్లు దాటినవాళ్లు కూడా కంగారుపడ్డారు. ఆ వార్త అబద్ధం కాదు. అయితే అందులో కొత్త సంగతి కూడా లేదు. ఈ దుష్ప్రభావం ఉందని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను పరిశీలించే మన జాతీయ కమిటీ 2021 మే నెలలో లెక్క చెప్పింది: కోవిషీల్డ్ తర్వాత అలాంటివిగా అనుమానించిన కేసులు 26, అంటే పది లక్షల డోసులకు 0.61. పైగా ఈ జబ్బు వచ్చేదుంటే సాధారణంగా డోసు పడిన 4 నుంచి 42 రోజుల లోపే వస్తుంది. 2024లో ఆ వార్త చదివి భయపడినవారికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

వార్త నిజమే, దాని నుంచి పుట్టిన భయానికి ఆధారం లేదు. ఈ రెండూ ఒకేసారి ఎట్లా సాధ్యమో అర్థమైతే టీకాల మీద సోషల్ మీడియా ప్రభావం చాలావరకు అర్థమైనట్టే. "ఎవరో అబద్ధాలు పుట్టిస్తారు, అమాయకులు నమ్ముతారు" అనే వివరణ సగమే సరైంది. ఎక్కువ నష్టం జరిగేది నిజంగా జరిగిన ఒక సంఘటన, "ఎంతమందిలో ఒకరికి" అన్న లెక్క లేకుండా, అధికారిక వివరణ కంటే ముందు జనానికి చేరినప్పుడు.

సంకోచం వేరు, తిరస్కారం వేరు

టీకాలన్నిటినీ కాదనేవాళ్లు ఎక్కడైనా కొద్దిమందే. వాళ్లకూ, కళ్లు మూసుకుని వేయించుకునేవాళ్లకూ మధ్య పెద్ద గుంపు ఉంటుంది. ఒక టీకా వేయించి ఇంకోటి వాయిదా వేసేవాళ్లు, "వచ్చే బుధవారం చూద్దాంలే" అనేవాళ్లు, వేయించాక కూడా లోపల గుబులు పడేవాళ్లు ఇందులోకి వస్తారు. దీన్నే టీకా సంకోచం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన పది ఆరోగ్య ముప్పుల జాబితాలో ఇదీ ఒకటి.

సంకోచానికి మూడు వేర్లు ఉంటాయని నిపుణులు చెబుతారు. మొదటిది నమ్మకం లేకపోవడం: టీకా మీద, వేసేవాళ్ల మీద, వేయించే ప్రభుత్వం మీద. రెండోది ధీమా: "తట్టు, కోరింత దగ్గు ఇప్పుడెక్కడున్నయి?" అనుకోవడం. మూడోది అందుబాటు. ఉపకేంద్రంలో, అంగన్‌వాడీలో టీకాలు వేసేది బుధ, శనివారాల్లో. మిర్చి ఏరే రోజుల్లో కూలి వదులుకుని పిల్లను ఎత్తుకుని రావడం అందరికీ కుదిరే పని కాదు. ములుగు, భూపాలపల్లి అడవి అంచున ఉన్న గొత్తికోయ గూడేల్లో ఏఎన్ఎం నడిచి వెళ్లాల్సిన దారులున్నాయి. ఫోన్‌లో వచ్చే మాట మొదటి రెండు వేర్లను గట్టిగా కదిలిస్తుంది. మూడోదానితో దానికి పెద్ద సంబంధం లేదు. టీకా కార్డులో ఒక గడి ఖాళీగా కనిపించగానే "వాట్సాప్ చూసి మానేశారు" అనే తీర్పు చాలాసార్లు తప్పేది ఇందుకే.

ఇంకో పదం కూడా తెలిసి ఉండాలి. టీకా వేసిన తర్వాత మనిషికి ఏ ఇబ్బంది వచ్చినా, కారణం తేలకముందే, ఆరోగ్యశాఖ దాన్ని "టీకా అనంతర ప్రతికూల సంఘటన"గా నమోదు చేస్తుంది. ఇక్కడ "అనంతర" అంటే తర్వాత జరిగిందని మాత్రమే, టీకా వల్ల జరిగిందని కాదు. విచారణ జరిపి దాన్ని ఐదు రకాల్లో ఒకటిగా తేలుస్తారు: టీకా గుణం వల్ల వచ్చింది, తయారీ లోపం వల్ల వచ్చింది, వేసే పద్ధతిలో పొరపాటు వల్ల వచ్చింది, సూది భయం వల్ల వచ్చింది, కాకతాళీయంగా అదే సమయంలో వచ్చింది. గ్రూపుల్లో తిరిగే సందేశానికి ఈ ఐదూ ఒకటే: "సూది వేసిండ్రు, గిట్లయింది."

అబద్ధం కంటే లెక్క లేని నిజం ఎక్కువ దూరం పోతుంది

అమెరికాలో 2021 మొదటి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌లో తిరిగిన 13,206 టీకా లింకులను పరిశోధకులు పరిశీలించారు. 2024లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఫ్యాక్ట్‌చెకర్లు తప్పు అని ముద్ర వేసిన లింకులను జనం చూసింది 87 లక్షల సార్లు. మొత్తం 270 కోట్ల వీక్షణల్లో అది దాదాపు 0.3 శాతం. అదే సమయంలో, "ఆరోగ్యంగా ఉన్న డాక్టరు టీకా వేసుకున్న రెండు వారాలకు మరణం, విచారణ జరుగుతోంది" అనే అర్థం వచ్చే ఒక్క పత్రికా శీర్షికను దాదాపు 5.5 కోట్ల సార్లు చూశారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ డాక్టరు చనిపోయిన మాట నిజం, విచారణ మాటా నిజం.

విడిగా చూస్తే, ముద్ర పడిన అబద్ధం ఒక మనిషి మనసును ఎక్కువగా మారుస్తుంది. కానీ చేరే జనం సంఖ్యతో గుణిస్తే లెక్క తిరగబడుతుంది. ముద్ర పడని, అనుమానం రేపే కంటెంట్ వల్ల టీకా ఉద్దేశం తగ్గిన మేర, ముద్ర పడిన అబద్ధాల వల్ల తగ్గినదానికి 46 రెట్లు ఉంటుందని వాళ్ల అంచనా. ఇది అమెరికా ఫేస్‌బుక్ సంగతి, అదే అంకెను మన ఊరికి తెచ్చి అతికించలేం. అయితే తర్కం మాత్రం ఇక్కడా నడుస్తుంది. తెలుగు యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో "టీకా వేసిన మరుసటి రోజే..." అని సగంలో ఆపే వాక్యాలు చాలావరకు ఈ కోవకే చెందుతాయి. వాటిని ఫ్యాక్ట్‌చెక్ చేయాలన్నా తప్పని చూపించడానికి అందులో ఏమీ ఉండదు.

"వేసిన రెండు రోజులకే" అన్న మాటలో లెక్క

ఒక జిల్లాలో ఏడాదికి 20,000 మంది పిల్లలు పుడతారనుకుందాం. నెలన్నర వయసు నుంచి ఏడాది నిండేలోపు, టీకాలతో ఏ సంబంధం లేని కారణాలతో (న్యుమోనియా, విరేచనాలు, పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు) వెయ్యికి ఆరుగురు చనిపోతారనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. మొత్తం 120 మరణాలు.

ఈ వయసులో ప్రతి బిడ్డకూ నాలుగు టీకా రోజులుంటాయి: ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు, ఆపైన తొమ్మిది నెలలు నిండాక. టీకా వేసిన రోజు, తర్వాతి రెండు రోజులు కలిపి ఒక్కో దఫాకు మూడు రోజులు, నాలుగు దఫాలకు 12 రోజులు. నెలన్నర నుంచి ఏడాదికి ఉన్నవి సుమారు 323 రోజులు. 120 మరణాలు ఏడాది పొడవునా సమానంగా పరుచుకుంటే ఆ 12 రోజుల్లో పడేవి 120 × 12 ÷ 323, అంటే నాలుగైదు.

టీకా ఒక్క బిడ్డకు కూడా హాని చేయకపోయినా, ఆ జిల్లాలో ఏటా నలుగురైదుగురు తల్లులు "సూది వేసిన రెండు రోజులకే నా బిడ్డ పోయింది" అని చెబుతారు. వాళ్ల మాటలో రవ్వంత అబద్ధం ఉండదు. ఆ దుఃఖం ముందు ఎవరైనా తల దించుకోవాల్సిందే. ఒకప్పుడు ఆ మాట ఆ వాడకట్టు దాటేది కాదు. ఇప్పుడు ఆ నాలుగైదూ జరిగిన సాయంత్రమే జిల్లా అంతటా వినిపిస్తాయి, మిగతా 115 దాకా మరణాలు వినిపించవు. టీకా వేయించుకుని హాయిగా ఆడుకుంటున్న వేల మంది పిల్లల గురించి ఎవరూ పోస్టు పెట్టరు.

అట్లని ప్రతి మరణాన్నీ కాకతాళీయం అని కొట్టిపారేస్తే అదీ తప్పే. అనుకున్న నాలుగైదు స్థానంలో పదిహేను వస్తే ఏదో జరిగిందని అర్థం. లెక్క పనికొచ్చేది రెండు వైపులా. అందుకే ప్రతి కేసునూ నమోదు చేయడం, విడిగా విచారించడం అవసరం.

"టీకా వేసుకున్నోళ్లకే ఎక్కువ వచ్చింది"

తట్టు ప్రబలినప్పుడల్లా ఇది వస్తుంది. ఒక గురుకులంలో 1,000 మంది పిల్లలున్నారనుకుందాం. 960 మంది రెండు డోసులూ వేయించుకున్నారు, 40 మంది అసలే వేయించుకోలేదు. రెండు డోసులు వందలో 95 మందిని కాపాడతాయనుకుంటే, వేయించుకున్నవారిలో 48 మందికి రక్షణ కుదరలేదు. తట్టు సోకితే, రక్షణ లేనివారిలో పదికి తొమ్మిది మందికి వస్తుంది. టీకా వేయించుకున్నవారిలో 43 మంది, వేయించుకోనివారిలో 36 మంది జబ్బుపడతారు.

"జబ్బుపడ్డోళ్లలో సగం కంటే ఎక్కువ మంది టీకా వేయించుకున్నోళ్లే" అని ఎవరైనా రాస్తే, నిజమే: 79 మందిలో 43. కానీ అడగాల్సిన ప్రశ్న వేరు. వేయించుకున్న 960 మందిలో 43 అంటే నాలుగున్నర శాతం. వేయించుకోని 40 మందిలో 36 అంటే 90 శాతం. ముప్పులో తేడా ఇరవై రెట్లు. టీకాలు ఎంత ఎక్కువ మందికి పడితే, జబ్బుపడ్డవారిలో టీకా పడ్డవారి వాటా అంత పెరుగుతుంది. వందకు వంద మందీ వేయించుకుంటే జబ్బుపడిన ప్రతి ఒక్కరూ టీకా పడినవారే అవుతారు. బడిలో నేర్చుకున్న లవం, హారం గుర్తుంటే చాలు. సందేశంలో లవం ఉంటుంది, హారం ఉండదు.

వాట్సాప్ దారి వేరు, యూట్యూబ్ దారి వేరు

సోషల్ మీడియా అంతా ఒకటే అనుకుంటే పొరపాటు. యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మనకు ఏం చూపించాలో అల్గారిథమ్ నిర్ణయిస్తుంది. బిడ్డకు జ్వరం వచ్చిందని ఒక తల్లి రాత్రిపూట నాలుగు టీకా వీడియోలు చూస్తే, ఐదోది అదే వచ్చి ముందు నిలబడుతుంది. ఆమె భయపడి చూస్తోందో ఇష్టపడి చూస్తోందో యంత్రానికి పట్టదు, ఎంతసేపు చూసిందన్నదే దానికి లెక్క. యూట్యూబ్ 2021 సెప్టెంబరులో టీకాలపై తప్పుడు సమాచారాన్ని నిషేధిస్తూ నియమం తెచ్చింది. అలాంటి నియమం పచ్చి అబద్ధాలను పట్టుకుంటుంది. "విచారణ జరుగుతోంది" అనే వీడియోకు అది వర్తించదు.

వాట్సాప్‌లో అల్గారిథమ్ లేదు, పంపేది మనిషే. అందుకే దాని బలం ఎక్కువ. పంపింది మేనత్త కావచ్చు, కులసంఘం పెద్ద కావచ్చు, జ్వరమొస్తే ముందుగా చూపించుకునే ఊరి ఆర్‌ఎంపీ కావచ్చు. "జర పైలం, మా వాడకట్టు పిల్లగానికి గిట్లయిందట" అనే వాయిస్ మెసేజ్‌లో ఉన్నది ప్రేమే. వదంతి పంపేవాళ్లలో ఎక్కువమంది దుర్మార్గులు కాదు, మన పిల్లల మీద పాణం పెట్టుకున్నవాళ్లు. ఈ సంగతి మరిచి "వదంతులు నమ్మొద్దు" అని గద్దిస్తే, తప్పుపట్టినట్టు అవుతుంది గానీ మనసు మారదు.

సందేశం పాకే తీరు లెక్కలో చూస్తే ఇంకా తేటపడుతుంది. 200 మంది ఉన్న గ్రూపులో ఇద్దరు మాత్రమే దాన్ని చెరో కొత్త గ్రూపుకు పంపారనుకోండి. ఒక్కో అంచెకు రెట్టింపై పదో అంచెలో 1,024 గ్రూపులకు చేరుతుంది. ఇద్దరికి బదులు ఒక్కరే పంపితే పదో అంచెలోనూ చేరేది ఒక్క కొత్త గ్రూపుకే. నూటికి ఒకరా, రెండు వందలకు ఒకరా అన్న చిన్న తేడాతో సందేశం ఊరు దాటడమో చల్లారడమో తేలిపోతుంది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. బాగా తిరిగిన సందేశాలను ఒకసారి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించింది. అయితే ఫోటోను స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది కొత్త సందేశమే. జంట బాణాల గుర్తు పోతుంది, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

సవరణ ఎందుకు ఇంత దూరం పోదు? ఎవరినైనా కాపాడుతున్నామన్న భావన ఫార్వర్డ్ చేయిస్తుంది. "విచారణలో టీకాకు సంబంధం లేదని తేలింది" అనే వార్త ఎవరినీ హెచ్చరించదు, చదివినవాళ్లు ఊపిరి పీల్చుకుని పక్కన పెడతారు. ట్విటర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 వార్తా పరంపరలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించారు. అబద్ధపు వార్త రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువని, 1,500 మందికి చేరడానికి నిజమైన వార్తకు ఆరు రెట్ల సమయం పట్టిందని తేల్చారు. ఆ తేడాకు ప్రధాన కారణం బాట్ ఖాతాలు కాదు, మనుషులే.

సంఘటనకూ వివరణకూ మధ్య ఉన్న ఖాళీ

2021 ఏప్రిల్ 15న తమిళ నటుడు వివేక్ అందరి ముందూ కోవిడ్ టీకా వేయించుకున్నారు. 17న గుండెపోటుతో చనిపోయారు. గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు వెంటనే చెప్పారు. ఆ మరణం టీకా వల్ల కాదు, కాకతాళీయమేనని జాతీయ కమిటీ తేల్చిన సంగతి బయటికి వచ్చేసరికి అక్టోబరు అయింది. ఆ ఆరు నెలల్లోనే దేశంలో కోట్ల మంది టీకా వేయించుకోవాలా వద్దా అని నిర్ణయం తీసుకున్నారు. విచారణకు సమయం పడుతుంది: పోస్టుమార్టం, ప్రయోగశాల నివేదికలు, అదే వయల్ నుంచి టీకా పడిన మిగతావారి పరిస్థితి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పరిశీలన. తొందరపడితే తప్పు తీర్పు వస్తుంది. కానీ తుది తీర్పు రాకముందు చెప్పగలిగినవి కూడా ఉంటాయి. "ఇదీ జరిగింది, ఇవి పరిశీలిస్తున్నాం, అదే వయల్ నుంచి వేసిన మిగతా పిల్లలు బాగున్నారు" అన్న మూడు ముక్కలు అదే సాయంత్రం రాకపోతే ఆ చోటును వాయిస్ మెసేజ్ ఆక్రమిస్తుంది.

ఒక్కోసారి తప్పు నిజంగానే జరుగుతుంది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది) టీకా వేయించుకున్న పసిపిల్లలకు పారాసిటమాల్ అనుకుని, పెద్దల నొప్పికి వాడే గట్టి మందు ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. పసిబిడ్డలు చనిపోయారు, పలువురు నిలోఫర్ దవాఖానలో చేరారు. తప్పు టీకాది కాదు, మాత్రలది. కానీ మొదట వ్యాపించింది "టీకా వికటించింది" అన్న మాట. దాన్ని వదంతి అని తోసిపుచ్చినా అన్యాయమే, టీకా దోషమని ఒప్పుకున్నా అన్యాయమే. ఐదు రకాల వర్గీకరణ ఎందుకు అవసరమో దీనికంటే బాధాకరమైన ఉదాహరణ మన రాష్ట్రంలో లేదు.

భద్రాచలం జ్ఞాపకం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా మాట వచ్చినప్పుడల్లా మన ప్రాంతంలో అనుమానం మొలకెత్తడానికి చరిత్ర ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి ఈ టీకా వేయించాయి. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉంటున్న గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికల మరణాలు బయటికి వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, పురుగుమందు, నీట మునగడం, జ్వరం లాంటి కారణాలు నమోదయ్యాయి. అయితే అదే విచారణ మరో విషయాన్ని బయటపెట్టింది. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 1,948 పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఇప్పుడు గ్రూపుల్లో తిరిగే సందేశం "భద్రాచలంల ఆడివిల్లల మీద ప్రయోగం జేసిండ్రు, సచ్చిపోయిండ్రు" అంటుంది. అందులో నిజం ఉంది, తప్పుడు ముడి కూడా ఉంది. వేల మంది పిల్లలకు తల్లిదండ్రుల సంతకం లేకుండానే వేశారన్నది నిజం. టీకా వల్ల చనిపోయారన్నదానికి ఆధారం దొరకలేదు. మొదటిదాన్ని ఒప్పుకోకుండా రెండోదాన్ని మాత్రమే ఖండించే ప్రకటన ఎంత శాస్త్రీయంగా ఉన్నా నిలబడదు. చదివేవాళ్లకు ఆ మొదటి సంగతి తెలుసు కాబట్టి.

గురుకులాల విషయంలో మరో చిక్కుంది. బాలికలు బారులు తీరి సూది కోసం నిలబడినప్పుడు ఒకరు కళ్లు తిరిగి పడితే, చూసిన మరికొందరు పడిపోవచ్చు. ఇది నటన కాదు, భయానికి శరీరం ఇచ్చే నిజమైన స్పందన. 2014లో కొలంబియాలోని కార్మెన్ దె బొలివర్ పట్టణంలో హెచ్‌పీవీ టీకా తర్వాత వందల మంది బాలికలు ఇలాగే పడిపోయారు. ఆ వీడియోలు దేశమంతా చూసింది. టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా 2012లో 98 శాతం ఉన్న మొదటి డోసు 2016 నాటికి 14 శాతానికి పడిపోయింది. కూర్చోబెట్టి వేయడం, మిగతావాళ్లకు కనిపించకుండా తెర కట్టడం, వేశాక అరగంట చూడడం లాంటి చిన్న ఏర్పాట్లు ఆ వీడియో పుట్టకుండా ఆపగలవు.

అసలు సోషల్ మీడియాను ఎంత తప్పుపట్టాలి?

ఇక్కడ పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ప్రభావం గట్టిదనేవాళ్లు 2020లో బ్రిటన్, అమెరికాల్లో జరిగిన ప్రయోగాన్ని చూపిస్తారు. కోవిడ్ టీకా తప్పకుండా వేసుకుంటామన్నవాళ్లకు తప్పుడు పోస్టులు చూపిస్తే, ఆ మాట మీద నిలబడ్డవాళ్ల వాటా బ్రిటన్‌లో 6.2, అమెరికాలో 6.4 శాతం పాయింట్లు తగ్గింది. ఎదుటి పక్షం దీనికి గట్టి ప్రశ్నే వేస్తుంది. వేసుకుంటానని చెప్పడం, వేసుకోవడం ఒకటేనా? సర్వేలో సంకోచించినవాళ్లు తర్వాత పక్కింటివాళ్లు వేసుకోగానే బారు కట్టిన సందర్భాలు ఎన్నో.

మన దేశపు లెక్క కూడా వాళ్ల వైపే మొగ్గుతుంది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 62 శాతం, 2019-21 నాటికి 76.4 శాతం. చౌక డేటా వచ్చి ఊరూరా స్మార్ట్‌ఫోన్ చేరింది సరిగ్గా ఆ నడుమే. వాట్సాప్ అంత విషమైతే ఈ అంకె పెరగొద్దు కదా? దీనికి జవాబు ఏమిటంటే, సగటు పెరిగినా అక్కడక్కడా గుంతలు మిగులుతాయి. తట్టు ఆగాలంటే వందలో 95 మందికి రక్షణ ఉండాలి. మండలం సగటు 93 ఉండి, ఒక తండాలో 60 మాత్రమే ఉంటే వ్యాధి ఆ తండానే వెతుక్కుంటుంది. వదంతి కూడా ఊరంతా సమానంగా పరుచుకోదు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకల్లో మీజిల్స్ (తట్టు)-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు వాట్సాప్ వదంతులతో కొన్నిచోట్ల తల్లిదండ్రులు పిల్లలను బడికే పంపలేదు. తమిళనాడులో గడువు పొడిగించాల్సి వచ్చింది. తెలంగాణలో అదే కార్యక్రమం ఆగస్టులో మొదలైంది.

పాత మీడియా చేతులు కూడా శుభ్రంగా లేవు. ఆటిజంకూ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ లంకె పెట్టిన 1998 నాటి వ్యాసం 12 మంది పిల్లల మీద ఆధారపడింది. దాన్ని ఇంటింటికీ చేర్చింది బ్రిటన్ పత్రికలు, టీవీలు. లాన్సెట్ పత్రిక 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి సంబంధం లేదని తేల్చారు. జపాన్‌లో 2013లో టీవీ, పత్రికల కథనాల నడుమ ప్రభుత్వమే హెచ్‌పీవీ సిఫారసును నిలిపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా రేటు ఒక శాతం కంటే కిందికి దిగింది. మా అంచనాలో, సోషల్ మీడియా అనుమానాన్ని పుట్టించేదానికంటే ఉన్నదాన్ని వేగంగా, మొహమాటం లేకుండా, పేరు తెలిసిన మనిషి గొంతుతో చేరవేసేదే ఎక్కువ.

యువకుల ఆకస్మిక మరణాల మీద చర్చ దీనికి మంచి పరీక్ష. జిమ్‌లో, పెళ్లి బరాత్‌లో కుప్పకూలిన వీడియోలు కోవిడ్ తర్వాత వరుసగా వచ్చాయి. ఐసీఎంఆర్ 47 పెద్దాసుపత్రుల్లో 18-45 ఏళ్ల మధ్య ఆకస్మికంగా చనిపోయిన 729 మందిని, వాళ్లతో పోల్చదగిన 2,916 మందిని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించింది. టీకా ఆ ముప్పును పెంచలేదని, రెండు డోసులు పడినవారిలో తక్కువగా ఉందని తేలింది. ముప్పు పెంచినవి వేరు: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో ఆకస్మిక మరణాల చరిత్ర, చివరి 48 గంటల్లో అతిగా తాగడం, మత్తు పదార్థాలు, శక్తికి మించిన వ్యాయామం. ఇలాంటి అధ్యయనానికి పరిమితులున్నాయి. చనిపోయినవారి అలవాట్లు కుటుంబసభ్యులు చెబితేనే తెలుస్తాయి. ఆ పరిమితిని ఎత్తిచూపడం న్యాయమైన విమర్శ. వీడియోల సంఖ్యను మరణాల సంఖ్యగా లెక్కించడం విమర్శ కాదు. ఊరికి రెండు సీసీ కెమెరాలున్న రోజులకూ, ప్రతి చేతిలో కెమెరా ఉన్న రోజులకూ ఆ సంఖ్యను పోల్చలేం.

సవరణ ఎప్పుడు పనిచేస్తుంది

అబద్ధాన్ని ఖండిస్తే అంతా సర్దుకుంటుందన్న నమ్మకానికీ ఆధారం తక్కువే. 2014లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో, టీకాతో ఆటిజం రాదన్న సమాచారం చదివిన తల్లిదండ్రుల్లో ఆ అపోహ తగ్గింది. కానీ మొదటి నుంచీ బాగా సంకోచిస్తున్నవాళ్లలో టీకా వేయించే ఉద్దేశం పెరగకపోగా తగ్గింది. ఒక కారణం కూలినా లోపలి అపనమ్మకం వేరే కారణాలను వెతుక్కుందన్నమాట. భయం మొదలయ్యాక వచ్చే ఖండన కంటే, భయం రాకముందు చెప్పిన మాటకు పట్టు ఎక్కువ.

మన టీకా వ్యవస్థలో అలాంటి మాటకు చోటు ఇప్పటికే ఉంది. సూది వేశాక ఏఎన్ఎం నాలుగు సంగతులు చెప్పాలి: ఒకటి, ఏ టీకా వేశారు, అది ఏ జబ్బును ఆపుతుంది; రెండు, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; మూడు, మళ్లీ ఎప్పుడు రావాలి; నాలుగు, కార్డు భద్రంగా ఉంచి వెంట తేవాలి. అరగంట కూర్చోబెట్టాలి. బుధవారం నలభై మంది తల్లులు ఒకేసారి వస్తే మూడోది, నాలుగోది చెప్పి పంపేస్తారు, రెండోది జారిపోతుంది. ఫోన్‌లో పుట్టే భయానికి ముందుగా వేసే మందు ఆ రెండోదే.

పెంటావాలెంట్ పడిన రాత్రి జ్వరం రావడం, తొడ వాచి బిడ్డ ఏడవడం మామూలే. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తారు. 4 కిలోల బిడ్డకు ఒక మోతాదు 40 నుంచి 60 మిల్లీగ్రాములు. గందరగోళం వచ్చేది సీసా దగ్గర. 1 మి.లీ.లో 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు అయితే అర మి.లీ. చాలు. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 2 మి.లీ. కావాలి. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది. ఏ సీసా, ఎంత, ఎన్ని గంటలకోసారి అన్నది కార్డు మీద రాసి ఇస్తే, ఆ జ్వరం ముందే చెప్పిన జ్వరమవుతుంది. మూడు గంటలు ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా అది మామూలు జ్వరం కాదు. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి, ఏఎన్ఎంకు చెప్పి నమోదు చేయించాలి. అట్లా నమోదైన కేసునే కమిటీ పరిశీలిస్తుంది. గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా మాత్రమే మిగిలిన కేసు ఏ లెక్కలోకీ ఎక్కదు, ఏ విచారణకూ అందదు.